తాలుకాయలు ఏరుతూ విన్న సగం కథ

గుంటూరు బస్టాండులో దిగిన ఐదు నిమిషాలకే తుమ్ములు మొదలయ్యాయి. ఒకటా రెండా! పదకొండు దాకా లెక్కపెట్టి వదిలేశాను. పక్క బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన తల తిప్పి, "కొత్తా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "రెండ్రోజులుంటే అలవాటైపోద్దిలే" అని మళ్ళీ పేపరెత్తుకున్నాడు. ఆయన ముక్కు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టుంది. మిర్చి యార్డు మీదుగా గాలి ఇటు తిరిగితే ఇంతేనట. ఊళ్ళో వాళ్ళకి అది వాసన కిందే లెక్క కాదు.

మాది విజయనగరం దగ్గర ఒక చిన్న ఊరు. అక్కడి శాఖా గ్రంథాలయం చూసేది నేను. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో గ్రంథాలయం వాళ్ళు బడులకు పుస్తకాల పెట్టెలు పంపుతున్నారని మా కమిటీ పెద్దలకు ఎవరో చెప్పారు. ఒక్కో ట్రంకు పెట్టెలో అరవై పుస్తకాలు పెట్టి, తాళంచెవి టీచరు చేతికిస్తారు. మూడు నెలలకోసారి పుస్తకాలు మారుస్తారు. "నువ్వెళ్ళి చూసి రా పైడమ్మా, మనమూ పెట్టొచ్చో లేదో చెప్పు" అన్నారు. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయిన రోజులవి. ఫిబ్రవరి నెల. ఒక పొడుగు నోటుబుక్కు, రెండు పెన్నులు, ఒక స్కేలు సంచిలో వేసుకుని బయల్దేరాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను రిజిస్టరు మనిషిని. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో కాగితం మీద లేకపోతే నాకు అన్నం సహించదు. ఈ గుణం వల్లే ఈ ప్రయాణంలో ఒక పాడు పని చేశాను. దాచుకుని లాభం లేదు గనక అదీ రాస్తున్నాను.

బస్టాండు ఎదురు హోటల్లో నాలుగిడ్లీ ఐదు రూపాయలు. పక్కన కారప్పొడి గుట్టగా పోసి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోశాడు. మా వైపు కారప్పొడి అంటే వేలితో అద్దుకునేది. ఇక్కడ ఇడ్లీని అందులో దొర్లిస్తున్నారు. నేనూ దొర్లించాను. తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు, ఒక టీ, మళ్ళీ ఒక గ్లాసు నీళ్ళు తాగాను. సర్వరు కుర్రాడు "పంచదార తెమ్మంటారా అండీ?" అని చాలా మర్యాదగా అడిగాడు. వాడు నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

పర్చూరు

దారి పొడుగునా తుమ్మకంపలకు దూది పింజలు పట్టుకుని ఉన్నాయి. పత్తి బస్తాలేసుకుని వెళ్ళే లారీలు రాసుకుపోయిన గుర్తులవి. పర్చూరు దగ్గర పడేసరికి పొగాకు కనిపించింది. ఆకుల్ని దారాలకు గుచ్చి, పందిళ్ళకు వేలాడదీసి ఎండబెడుతున్నారు. ఒక ఊళ్ళో ఘాటు, ఇంకో ఊళ్ళో మత్తు, మీ జిల్లాల్లో ముక్కుకి సెలవు లేదే అన్నాను, నన్ను దింపుకోవడానికి బస్సు దగ్గరికి వచ్చిన సుభానీ గారితో.

సుభానీ గారిది అద్దంకి. పెట్టెల పని మొత్తం ఆయనదే. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. చొక్కా జేబులో నాలుగు తాళంచెవులు గలగలలాడుతుంటాయి. ఇరవై రెండేళ్ళుగా గ్రంథాలయంలోనే పని. మోపెడ్ వెనక నన్ను కూర్చోబెట్టుకోవడానికి మొహమాటపడి, ఆటో మాట్లాడి పెట్టాడు.

మొదట చూసింది పర్చూరు పక్క ఊరి బడి. హెడ్మాస్టరు గారు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. ఆహా! నా కళ్ళు చల్లబడ్డాయి. వరస సంఖ్య, పిల్లవాడి పేరు, తరగతి, పుస్తకం పేరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, ఒక్క కొట్టివేత లేదు. ప్రతి శనివారం ఆఖరి పీరియడ్‌లో నలభై మంది పిల్లలకి నలభై పుస్తకాలు పంచుతారు. గంట కొట్టగానే తిరిగి తీసుకుంటారు. "ఇంటికివ్వరా?" అన్నాను. "ఇంటికిస్తే నలుగుతాయి గదండీ" అన్నారాయన. అట్టలకు పేపరు వేసి, పేర్లు రాసి, కొత్త పెళ్ళికూతుళ్ళలా పెట్టారు పుస్తకాల్ని. నేను నోటుబుక్కులో పేజీన్నర పొగిడాను.

అద్దంకి

సాయంత్రానికి అద్దంకిలో సుభానీ గారింటికి చేరాం. లాడ్జీ చూసుకుంటానంటే ఆయన భార్య హసీనా గారు ఒప్పుకోలేదు. "మా ఊరొచ్చి లాడ్జీలో ఉంటే మేమెందుకమ్మా ఇక్కడ?" అని నా సంచి లాక్కుంది. గోంగూర మాంసం వండింది. మొదటి ముద్దకి చెవుల్లోంచి ఆవిరొచ్చింది. మా వైపు పులుసులో కాస్త బెల్లం వేస్తామని, కూరకి ఆవ పెడతామని చెప్పాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పులుసులో బెల్లమా! మరి అది పులుసెట్టా అవుతుందమ్మా, పానకమవుతుంది గాని" అంది. నేను పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

భోజనాలయ్యాక సుభానీ గారు రిజిస్టర్లన్నీ ముందేసుకుని దిగులుగా కూర్చున్నాడు. సంగతేమిటంటే, సింగరాయకొండ దగ్గర ఒక బడి వాళ్ళు ఏడాదిగా పెట్టె కావాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. కొత్త పెట్టె కొనే పని లేదు, ఎక్కడ తక్కువ చదువుతున్నారో అక్కడిది తీసి ఇవ్వమని పెద్ద ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఏ బడిది తీస్తున్నారో కాగితం రాసి పంపాలి. అదే ఆయన బాధ.

నేను రిజిస్టర్లు తిరగేశాను. నిమిషంలో తేలిపోయింది. అద్దంకికి ఆ పక్కనున్న ఒక పల్లెలో బడి. ఊరి పేరు రాయను, అక్కడి టీచరమ్మకి ఇష్టం లేదు. ఆ రిజిస్టర్లో రోజుకి ఒక్కటే పేరు. రోజంతటికీ ఒక్క పిల్ల, ఒక్క పుస్తకం! నెల మొత్తం కూడినా ఇరవై పేర్లు దాటలేదు.

"ఇదే" అన్నాను.

"ఎస్తేరు టీచరుగారి బడండి అది. ఆవిడ సంగతి వేరు. రేపు వెళ్తున్నాం గదా, చూశాక రాద్దాం."

"అంకెలు ఇంత తేటగా కనపడుతుంటే ఇంకా చూసేదేముందండీ? అక్కడ సింగరాయకొండ పిల్లలు కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు. మొహమాటానికి పోతే పనులవుతాయా?"

పని నాది కాదు, జిల్లా నాది కాదు. అయినా నోరు ఊరుకుంటేనా! నా దస్తూరి బావుంటుందని చెప్పి, కాగితం నేనే రాసిపెట్టాను. ఆయన కాసేపు చూసి సంతకం చేశాడు. మర్నాడు పొద్దున్నే బస్టాండు పక్కనున్న పోస్టు డబ్బాలో ఆ కవరు వేసింది కూడా నేనే.

కల్లం దగ్గర

ఎస్తేరు టీచరు బడికి పదకొండింటికి వెళ్ళాం. రెండు గదులు, ఒకే టీచరు. నల్లగా, పొట్టిగా, గొంతు మాత్రం మూడు వీధులకి వినపడేలా ఉన్న మనిషి. హాజరు పట్టీలో నలభై మూడు పేర్లున్నాయి. బడిలో ఉన్నది పధ్నాలుగు మంది.

"మిగతావాళ్ళేరండీ?" అన్నాను.

"మిరపకోతలకి పోయారు. సంక్రాంతి అయిందగ్గర్నుంచీ ఏప్రిల్ దాకా ఇంతేనండి. అమ్మానాన్నా పోతే ఇంటికాడ ఎవరుంటారు, పిల్లల్నీ తీసుకుపోతారు. నేను కల్లాల కాడికి పోయి తిట్టొస్తాను. రెండ్రోజులు పంపిస్తారు, మూడోరోజు మామూలే."

"పెట్టె ఏదీ?"

"పెట్టె కూడా కల్లం కాడే ఉంది."

గ్రంథాలయం పెట్టె మిరప కల్లంలో! నా నోటుబుక్కు నా చేతిలోంచి జారలేదంటే గొప్పే.

నాలుగింటికి బడి వదిలాక ఆవిడ వెంట నడిచాం. కోసిన మిరపకాయల్ని ఎకరం మేర నేల మీద పరిచి ఉంచారు. ఎండలో ఆ ఎరుపు కేసి చూడలేకపోయాను. ఒక చివర టార్పాలిన్ నీడలో పాతిక ముప్ఫై మంది ఆడవాళ్ళు, పిల్లలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఎర్రకాయలో తాలు కలిస్తే యార్డులో ధర పలకదట. నేను ఊరుకోకుండా ఒక కాయ తీసి, విరిచి, గింజలు చూసి, ఆ చేత్తోనే కళ్ళజోడు తీసి చెమట తుడుచుకున్నాను.

ఇక చెప్పేదేముంది! కళ్ళు మూసుకుని గంతులేశాను. వరసంతా గొల్లుమని నవ్వింది. ఒకామె నవ్వుతూనే లేచి, మజ్జిగలో గుడ్డ తడిపి కళ్ళ మీద వేసి, "కాయని కంటితో చూడాలి గాని చేత్తో చూస్తారా అమ్మగారూ" అంది. ఆమె పేరు దానమ్మ అని తర్వాత తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి నులకమంచం మీద గ్రంథాలయం వాళ్ళ ఆకుపచ్చ ట్రంకు పెట్టె కనిపించింది. దాని పక్కన పదేళ్ళ పిల్ల ఒకతి మజ్జిగతో చేతులు రుద్దుకుని, సబ్బుతో కడిగి, టీచరమ్మకి చూపిస్తోంది. ఎస్తేరు టీచరు ఆ చేతులు వాసన చూసి, "ఊఁ" అన్నాక పిల్ల మంచమెక్కి కూర్చుని పుస్తకం తెరిచింది. దానమ్మ కూతురు సలోమి.

అప్పుడు తెలిసింది వాళ్ళ పద్ధతి. మొదట్లో పిల్లలందరికీ పుస్తకాలిచ్చిందట టీచరమ్మ. కారం చేతులతో ఒకడు పట్టుకున్న పుస్తకం ఇంకొకతి పట్టుకుని కళ్ళు నలుపుకోవడం, ఏడుపులు, తల్లుల శాపనార్థాలు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రోజుకి ఒక్క పిల్ల పని మానుకుని, చేతులు కడుక్కుని, అందరికీ వినపడేలా చదవాలి. ఏరిన గోతాన్ని బట్టి కూలి గనక, చదివే పిల్లకి నష్టం రాకుండా తలా ఒక దోసెడు ఏరిన కాయ ఆ పిల్ల గోతంలో వేస్తారు. ఎవరూ చెప్పకుండానే చేతులు అలా వచ్చి వేసి వెళ్తున్నాయి. ఈ లెక్కన రిజిస్టర్లో రోజుకి ఒక్క పేరే పడుతుంది.

"విన్నవాళ్ళ పేర్లు కూడా రాయొచ్చు కదండీ!" అన్నాను.

"'పుస్తకం తీసుకున్నవారు' అనుంది గదండీ పైన. తీసుకోనోళ్ళ పేర్లు రాస్తే అబద్ధం గదా" అంది ఎస్తేరు టీచరు.

సుభానీ గారు నా వంక చూడలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సలోమి చదువుతోంది. తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ ఒక అక్కా తమ్ముడూ లంకల్లోకి వెళ్తారు. వరదొస్తుంది. తమ్ముడు చెట్టెక్కుతాడు, అక్క పడవ తీసుకుని వస్తుంటే నడి ఏట్లో తాడు తెగుతుంది. సలోమి తాడు తెగిన దగ్గర ఆపి, టీచరమ్మ మొహం చూసింది. టీచరమ్మ "చాలు, మూసెయ్" అంది.

"అయ్యయ్యో! ఏందే టీచరమ్మా ఇది" అని వరసంతా మూలిగింది. దానమ్మయితే చేతిలో కాయలు కింద పడేసింది. "ఆ పిల్లోడు బతికాడా, చచ్చాడా? అదొక్కటి చెప్పు, చాలు!"

"మిగతాది జూన్‌లో. బడి తెరిచిన రోజున, బళ్ళో" అంది ఎస్తేరు టీచరు.

అప్పుడు సుభానీ గారు గొంతు సవరించుకుని అసలు మాట చెప్పాడు. పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చామన్నాడు. నేను ఏడుపు, కోపం, అరుపులు అన్నీ ఊహించుకుని నిలబడ్డాను. ఏమీ లేవు. "తీసుకుపోవాలంటే పోండయ్యా, కథన్నా పూర్తి చేసి పొండి" అంది దానమ్మ. అందరూ అవునన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చేసిన తప్పు కొంతైనా దిద్దుకోవచ్చనిపించింది. "నేను చదువుతాను, ఇరవై పేజీలేగా!" అని పుస్తకం అందుకున్నాను. మరుక్షణం అది నా చేతుల్లో లేదు. ఎస్తేరు టీచరు లాగేసుకుంది. నా చెయ్యి పట్టుకుని టార్పాలిన్ అవతలికి తీసుకెళ్ళింది.

"మీకు దణ్ణం పెడతాను మేడం, చదవొద్దు. నిరుడు కోతలకి పోయినోళ్ళలో ఏడుగురు మళ్ళీ బడి మొహం చూళ్ళేదు. కోతలయ్యాక పత్తి, పత్తయ్యాక ఇంకోటి. పని మరిగాక ఎవరొస్తారు? ఇయ్యేడు బడి మానే వంతు ఆ సలోమిది. వచ్చే ఏడు నుంచి తన పక్కనే వరసలో ఉంటదని దానమ్మ ఇప్పుడే చెప్పేసింది. నా మాట ఆవిడ చెవికెక్కదు. ఆ పడవ ఏమైందో తెలియక పిల్ల ఇంటికాడ పేచీ పెట్టాలి. నా దగ్గర ఇంకేం లేదండీ, ఇదే ఉంది."

ఆ మాటలకి నాకు ఏడుపొచ్చింది. ఈసారి మిరపకాయ వల్ల కాదు. పొద్దున డబ్బాలో పడేసిన కవరు గుర్తొచ్చి, సుభానీ గారి దగ్గరికి పరిగెత్తాను. కాగితం వెనక్కి తెప్పిద్దాం, తప్పు నాదని నేనే రాస్తానన్నాను.

"కుదరదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ సింగరాయకొండ పిల్లలకీ నేను మాటిచ్చాను. వాళ్ళదేం తప్పు?"

ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఎస్తేరు టీచరు చేతిలోంచి పుస్తకం తీసుకుని, నంబరు చూసి, జేబులోంచి గ్రంథాలయం కార్డొకటి తీశాడు. దాని మీద ఉన్నది ఆయన పేరే. "ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ పుస్తకాలిస్తున్నా. నా పేరు మీద ఒక్కటీ ఇంటికి తీసుకుపోలేదు. ఇయ్యాల తీసుకుంటున్నా" అని రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టి, ఆ పుస్తకం తిరిగి టీచరమ్మ చేతికిచ్చాడు.

"గడువు దాటితేనండీ?" అంది ఆవిడ.

"గడువు పొడిగించేదీ నేనే కదమ్మా."

పెట్టె ఆటో ఎక్కింది. సలోమి దాన్ని చూడనేలేదు. టీచరమ్మ చంకలో ఉన్న పుస్తకం వంకే చూస్తోంది.

సింగరాయకొండ

మర్నాడు బస్సు టాపు మీద పెట్టె, కింద మేమిద్దరం. పొద్దున నేనేమీ తినలేదు. నేను మాట్లాడకుండా ఉన్నది ఈ ప్రయాణంలో ఆ మూడు గంటలే. సింగరాయకొండలో దిగాక సముద్రపు గాలి తగిలింది. ముక్కుకి మొదటిసారి హాయిగా ఉంది. బస్టాపులో ఉడకబెట్టిన తేగలు అమ్ముతున్నారు, కట్ట ఐదు రూపాయలు. మా వైపు తేగల్ని కాల్చుకుంటాం. ఉడికించినవి కూడా బాగానే ఉన్నాయి. సుభానీ గారు ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, "తినండమ్మా, పస్తుంటే పుస్తకాలు వెనక్కి రావు" అన్నాడు. ఆ మాటకి నవ్వాను.

బడి పిల్లలు రోడ్డు దాకా ఎదురొచ్చారు. పెట్టెకి బంతిపూల దండ వేశారు. నిజంగానే వేశారు! ఒక పిల్లవాడు తాళం తీస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ మూగారు. మూత లేవగానే పది మంది ఒకేసారి తుమ్మారు. వాళ్ళ హెడ్మిస్ట్రెస్ గారు జాబితా పట్టుకుని లెక్కపెట్టి, "యాభై తొమ్మిదే ఉన్నాయండీ, ఒకటి తగ్గింది" అన్నారు.

"అదింకా చదువుతున్నారండి" అన్నాడు సుభానీ గారు.

నేను నా స్కేలు తీసి, వాళ్ళ కొత్త రిజిస్టర్లో పక్కన ఇంకో గడి గీశాను. పైన 'విన్నవారు' అని రాశాను. హెడ్మిస్ట్రెస్ గారు ఎందుకని అడిగారు. కారణం చెప్పడానికి అరగంట పట్టింది. నా తప్పు కూడా కలిపే చెప్పాను.

మా ఊరు

ఇంటికొచ్చాక కమిటీకి పెట్టెలు పెడదామనే చెప్పాను. ఎన్ని బడులకి, ఎవరి పూచీ మీద అని వాళ్ళడిగిన వాటికి జవాబులు చెప్పాను. మా వైపు జీడిపిక్కలు ఒలిచే షెడ్లలోనూ బడి పిల్లలుంటారు, ముందు అక్కడికి వెళ్దామన్నాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వనీండి, రెండు పెట్టెలకి ఒప్పుకున్నారు.

జూన్ ఆఖర్న ఎస్తేరు టీచరు నుంచి ఇన్‌ల్యాండ్ కవరు వచ్చింది. బల్ల దగ్గర నిలబడే చదివాను. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"మేడం గారికి నమస్కారాలు. బడి తెరిచాం. కోతలకి పోయినోళ్ళందరూ వచ్చారు, సలోమి తప్ప. పిల్లలు పుస్తకం తియ్యమని ఒకటే గోల. నేను తియ్యలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం దానమ్మ ఒక్కతే వచ్చింది. పత్తి గింజలు పెట్టే పని నుంచి అట్టే వచ్చింది. 'ఆ పిల్లోడు ఏమయ్యాడో నాకు చెప్పు టీచరమ్మా, మా పిల్ల నన్ను పడుకోనీటంలేదు, పోయి దానికి చెప్తా' అంది. నేను చెప్పలేదు. పిల్లని పంపు, పిల్లే చదివి నీకు చెప్తదన్నా. నన్ను అనరాని మాటలన్నీ అని పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, చెప్పినా బాగుండేదేమో అనుకున్నా. సోమవారం ప్రార్థన కాకముందే తల్లీ పిల్లా ఇద్దరూ వచ్చారు. సలోమి చదివింది. దానమ్మ గుమ్మంలో కూర్చుని ఆఖరి పేజీ దాకా లేవలేదు. ఆ రోజు ఇద్దరూ పనికి పోలేదు. మంగళవారం దానమ్మ ఒక్కతే పోయింది."